రెండు చప్పుళ్లు

వాన మొహం చూడని జూలై. అనంతపురంలోని ఓ ఆసుపత్రి నెట్‌వర్క్ గదిలో అర్ధరాత్రి హేమావతి ఒక్కతే ఉంది. ర్యాక్‌లో ఒకదానిపై ఒకటి పేర్చిన మూడు నెట్‌వర్క్ స్విచ్ పెట్టెలను ఆపి, మళ్లీ వెయ్యాలి. అదీ ఒక్కొక్కటిగానే. పసిపిల్లల వార్డు మానిటర్లకు పై రెండింటి నుంచే లైన్లు వెళ్తాయి; ఒకటి ఆగినా రెండోది నడిపిస్తుంది.

"లైను పోదు కదమ్మా? ఈడ ముగ్గురు పసిబిడ్డలుండారు," అని నర్సు ఆంజినమ్మ ఫోన్‌లో అడిగింది.

"పోదులే అక్కా."

మొదటిదాన్ని ఆపి, వేసింది. పచ్చదీపం వెలిగింది. రెండోదాని కరెంటు వైరు పట్టుకుంది గానీ పీకలేకపోయింది. ఎప్పుడూ తనకు ఈ పని నేర్పిన రామదాసు చేసే చప్పుడు విన్నాకే పీకేది. ఆపి వేసిన స్విచ్ పూర్తిగా లేచి పని మొదలెట్టిందని నమ్మకం కుదిరాక, ఆయన స్క్రూడ్రైవర్‌తో ర్యాక్ మీద రెండుసార్లు కొట్టి, "ఇంగ పీకు పాపా" అనేవాడు.

ఆయన చనిపోయి నెల దాటింది.

పచ్చదీపం ఆరిపోయింది. మొదటి స్విచ్ ఇంకా లేవనే లేదు. రెండోది పీకి ఉంటే ముగ్గురు బిడ్డల మానిటర్లకూ లైను పోయేది. గదిలో ఫ్యాన్ల రొద తప్ప మరేమీ లేదు. చాలాసేపటికి దీపం మళ్లీ వెలిగింది. ఈసారి నిలిచింది.

ర్యాక్ వెనక, గోడకు ఆనుకున్న జానెడు సందులోంచి రెండు చప్పుళ్లు వినిపించాయి.

"సరేన్నా," అంటూ హేమావతి వైరు పీకింది.