ఎర్ర కళ్ళ సీసపు చేప

కూతురు రసజ్ఞకు తల దువ్వి, దువ్వెనలో మిగిలిన జుట్టును ఉండచుట్టి, దాని మీద ఉమ్మి గోడ పక్కన పడేసింది భ్రమరాంబ.

ఆమె చూస్తుండగానే ఒక చెయ్యి దాన్ని తీసుకుంది.

వెనక గదిలో కొత్తగా దిగిన మొగిలి. అరవై ఏళ్ళుంటాయి. ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడు. మాదాపూర్‌లో కడుతున్న కంప్యూటరు ఆఫీసు దగ్గర కాపలా పని.

"ఆ జుట్టు మీకెందుకండీ?" అంది కిటికీలోంచే.

"చేపకు తోక కడతనమ్మా."



భ్రమరాంబ భీమవరం నుంచి వచ్చి మూడు నెలలే. ఊడిన జుట్టు పరాయి చేతిలో పడకూడదని వాళ్ళమ్మ చెప్పేది. ఎందుకో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

సాయంత్రం మొగిలి వాకిట్లో కుంపటి రాజేశాడు. ఇనప గరిటెలో సీసం కరిగించి, రెండు రాళ్ళ మధ్య చెక్కిన అచ్చులో పోశాడు. చల్లారాక బొటనవేలంత చేప బయటికి వచ్చింది. దాని కడుపులోంచి పెద్ద గాలం. తోకకు రసజ్ఞ జుట్టు కట్టాడు. చివరికి గోళ్ళరంగుతో ఎర్రగా రెండు కళ్ళు పెట్టాడు.

ఆ కళ్ళు తన గుమ్మం వైపే చూస్తున్నట్టనిపించి భ్రమరాంబ తలుపు వేసుకుంది.

మర్నాడు ఇంటి యజమానురాలైన సీతాబాయిని ఆ చేప సంగతి అడిగింది.

"కొరమీనులకు గాలాలంట. రాళ్ళు కొట్టిన గుంతల నీళ్ళు నిలిచినయి గద, గండ్ల పడతడు," అంది సీతాబాయి.

"జుట్టెందుకండీ?"

"గదే నాకూ సమజ్ కాలే." సీతాబాయి గొంతు తగ్గించింది. "మా ఊరి దిక్కు బాణామతి చేసెటోళ్ళు గూడ జుట్టే తీస్కపోతరు. జుట్టు, తొడుక్కున్న బట్టల ముక్క. రెండూ దొరికినయంటే ఇగ మనిషి మంచం పడ్తడు. జర పిల్లను దూరం పెట్టు."

ఆ రోజే భ్రమరాంబ రసజ్ఞను ఎదురుగా నిలబెట్టి చెప్పింది.

"రాళ్ళ గుంత దగ్గరికి వెళ్ళకూడదు. ఆ తాత దగ్గరికి వెళ్ళకూడదు. వెళ్ళావో, వీపు చిట్లగొడతాను."

ఏడేళ్ళ పిల్ల తలూపింది.

శనివారం కిరోసిన్ క్యూలో ఆలస్యమైంది. డబ్బా పట్టుకుని గేటు తీసేసరికి రసజ్ఞ మొగిలి కుంపటి ముందు కూర్చుని వణుకుతోంది.

భ్రమరాంబ కూతురి రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. పిల్ల తల తడిగా ఉంది. భయంతో చెమట పట్టిందనుకుంది.

"ఏం చేశాడు?"

"ఏం లేదు."

"ఏమైనా పెట్టాడా?"

"టీ ఇచ్చాడు."

గౌను విప్పుతుంటే కనబడింది. మెడ వెనక, కాలరు కింద, రూపాయి బిళ్ళంత గుడ్డ లేదు.



పొద్దు వాలేసరికి పిల్లకు జ్వరం. డాక్టరు మందిచ్చాడు. మూడు రోజులైనా దిగలేదు. మగతలో ఒకటే మాట.

"తాతా, లాగు... లాగు."

ఎవరో తన బిడ్డను కొంచెం కొంచెంగా లాక్కుంటున్నారు. భ్రమరాంబ పిల్ల చెయ్యి పట్టుకుని మంచం దిగలేదు.

నాలుగో రోజు గౌను తీసుకుని వాకిట్లోకి వచ్చింది. వెనకే సీతాబాయి.

"ఇందులో ముక్క ఏమైందండీ?" కోపంలోనూ ఆ 'అండీ' పోలేదు.

మొగిలి గౌను వైపు చూశాడు. తరవాత పిల్ల పడుకున్న గది కిటికీ వైపు చూశాడు.

"మాట్లాడరేం?"

"నేను చెప్పేది ఏం లేదమ్మా."

"మా పిల్ల మీకేం అపకారం చేసింది?"

"పాపకు జరం దిగిందా?" అన్నాడు.

"ఇగ చాలు," అంది సీతాబాయి. "మాపటికల్ల రూం ఖాళీ చెయ్యి."

అతను వాదించలేదు. కుంపటి, గరిటె, అచ్చురాళ్ళు గోనెసంచిలో వేసుకున్నాడు. పోతూ పోతూ కిటికీ గట్టు మీద ఒక సీసపు చేప పెట్టాడు. దాని గాలం విరిచి, మొన గుచ్చుకోకుండా అరగదీసి ఉంది.

ఆ సాయంత్రమే జ్వరం దిగింది.

"చూసినవా?" అంది సీతాబాయి. "కాపలా పని గూడ ఇడిశిపెట్టిండట. ఎటు పోయిండో ఎవ్వరికీ ఎర్క లేదు. పీడ పోయింది."

మర్నాడు పొద్దున భ్రమరాంబ ఆ చేపను చేత్తో ముట్టకుండా చీపురుతో చేటలోకి తోసింది.

"పారేయకమ్మా," అంది రసజ్ఞ మంచం మీద నుంచి. "తాత నాకిచ్చాడు."

"నీ గౌను ముక్క కోసినవాడు ఇచ్చింది నీకెందుకు?"

"కోయలేదు. గాలం పట్టుకుని చిరిగింది."

"గాలం నీ మెడ మీదికి ఎందుకొచ్చింది?"

పిల్ల కాసేపు దుప్పటి అంచు నలిపింది.

"కొడతావా?"

"కొట్టను. చెప్పు."

"గుంతలో పడ్డాను. తాతకు కాలు బాగోదు కదా, దిగలేడు. అందుకని గాలం విసిరాడు. అది కాలరుకు తగిలాక మెల్లగా లాగాడు. కుంపటి దగ్గర గౌను ఆరబెట్టాడు."

భ్రమరాంబ చేట కింద పెట్టింది.

"నిన్న నేనంత అడిగితే, ఆయన ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు కొడతావని, నీకు చెప్పనని తాత చేత నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నానమ్మా," అంది రసజ్ఞ.