మూడో ప్రకటన

“ఈ బాప్తిస్మం చీటీ మీది కాదండీ,” అన్నారు పాస్టరు సుకుమార్ గారు.

“నాదేనండి అయ్యగారూ. పంతొమ్మిది వందల అరవైలో పుట్టాను. పెంటపాడు గుడిలో ఇచ్చిన చీటీ,” అన్నాడు ఏలీయా.

“అంటే ఈ రెండు వేల ఆరుకి నలభై ఆరు. ఈమధ్య అద్దం చూసుకున్నారా?”

చూసుకున్నాడు. పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలో వాళ్ల నాన్న కనపడ్డాడు. తాత కనపడనందుకు సంతోషించాడు. పెదపాడు బస్సెక్కితే కండక్టరు, “తాతగారికి సీటివ్వండి!” అని అరిచాడు. ఏలీయా చుట్టూ చూసి, మరో తాత కనపడక, తనే కూర్చున్నాడు.

ఆ ఆదివారం పెళ్లికూతురి గుడిలో మూడో ప్రకటన. రెండు వారాలు ఆరాధనలో పెళ్లి చేసుకోబోయే ఇద్దరి పేర్లు చదివారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మూడోసారి కూడా చదివేస్తే కెజియాతో పెళ్లి ఖాయం. ముప్పై తొమ్మిదేళ్ల కెజియా గుమ్మం దగ్గరే నిలబడి వింటోంది.

“పేరు చెరిగిపోయింది. ఇది మీ తమ్ముడి చీటీ కదూ?” అన్నారు పాస్టరు. “వయసు ఎక్కువైతే పెళ్లి ఆగదండీ. అబద్ధమైతే ఆగుతుంది. నిజం చెప్పండి, రాసుకుంటాను.”

నిజం ఏలూరు నరాల డాక్టరు ఎప్పుడో చెప్పాడు. “నీది బైపోలార్ అనే మనసు జబ్బు. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి వయసుకన్నా ఒళ్లు ముందు ముసలిదవుతుంది.” ఇరవై ఏళ్లుగా ఏలీయా మనసు కొన్నాళ్లు వరదలో కొల్లేరు, కొన్నాళ్లు ఎండలో కొల్లేరు. ఒళ్లొక్కటే ఆగకుండా నడిచి, అతన్ని దాటి వెళ్లిపోయింది.

ఆ మాట ఇక్కడ చెబితే నలభై ఆరేళ్ల వయసు వెనక్కి వస్తుంది. పిచ్చోడన్న పేరు కూడా వస్తుంది. ముసలాడికైనా పిల్లనిస్తారు గానీ పిచ్చోడికి ఎవరిస్తారు? ఏలీయా తన తెలివిని తనే మెచ్చుకున్నాడు.

“తమ్ముడిదేనండి. నాకు అరవై రెండు.”

“ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధండీ!” పాస్టరు రిజిస్టరులో నలభై ఆరు కొట్టేసి అరవై రెండు వేశారు. “విన్నావుగా కెజియమ్మా? నీకు సమ్మతమేనా?”

కెజియా లోపలికి వచ్చింది. ఏలీయాని కాసేపు పరీక్షగా చూసింది.

“మా తమ్ముణ్ణి ఏలూరు నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడల్లా మిమ్మల్ని అక్కడ చూసేదాన్నండీ,” అంది. “వాడూ ముప్పై అయిదుకే తాతలా అయిపోయాడు. మీదీ ఆ జబ్బే కదా, అందుకే ఇలా ఉన్నారనుకుని ఒప్పుకున్నాను. నిజంగానే ముసలాయనని నాకేం తెలుసు? అయ్యగారూ, ప్రకటన చదవకండి.”