కనకయ్య వార్డు

"ముప్పై మందేనా? బుల్లబ్బాయన్నా, గుమ్మం ముంగట చెప్పులే నూరు జతలున్నయ్ గదనే!"

కనకయ్య అంత గట్టిగా అనేసరికి హాస్టల్ యజమాని బుల్లబ్బాయి కంగారుపడి తలుపు దగ్గరగా వేశాడు. జనాభా లెక్కలు రాసే మంజూష టీచర్ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది.

"మెల్లిగా అనండి కనకయ్యగారూ! మున్సిపాలిటీ వాళ్ళకి తెలిస్తే హాస్టల్ మూయించేస్తారు."

"నేనుండంగ నీకేం ఫికర్? అమీర్‌పేటల జనం లెక్క పెరిగితే మనకు వేరే వార్డు వస్తది. వార్డు వస్తే కార్పొరేటర్ నేనే!"

బుల్లబ్బాయి గొంతు తగ్గించి, "నూట పన్నెండు" అన్నాడు. కనకయ్య ఎగిరి గంతేశాడు.

కంప్యూటర్ కోర్సుల కోసం వచ్చిన పిల్లలు గదికి ఆరుగురు చొప్పున ఉంటున్న రోజులవి. వాళ్ళందరినీ లెక్కలోకి ఎక్కించే పని కనకయ్య నెత్తినేసుకున్నాడు. ఆడపిల్లల హాస్టళ్ళలో మగవాళ్ళని పైకి రానివ్వరు గనక, టీచర్‌కి తోడుగా తన భార్య భూలక్ష్మిని పంపేవాడు. మహాతల్లి, ఎక్కితే గంటకు గాని దిగేది కాదు.

"గింతసేపు ఏం జేస్తున్నవే పైన?"

"ముచ్చట వెడుతున్న. పిల్లలకు నీళ్ళు వస్తలేవంట, గల్లీల లైట్లు సుత లేవంట."

"గవన్నీ నీకెందుకు? పేర్లు రాపిచ్చి రా, చాలు."

చివరికి వార్డు వచ్చింది! కనకయ్య పంజగుట్ట దాకా మిఠాయిలు పంచాడు. తీరా ఎన్నికల ముందు ఆ వార్డును మహిళలకు కేటాయించారు. పాపం, నీరుగారిపోయాడు. ఎంతసేపు? ఒక్క చాయ్ తాగినంతసేపు.

"నా భార్య లేదా!" అని లేచాడు. ఆమెను ఒక్క మాటైనా అడక్కుండా ఆమె పేరు మీద పార్టీ టికెట్ తెచ్చాడు. పోస్టర్లూ వేయించాడు. వాటి మీద తన బొమ్మ నిలువెత్తున, ఆమెది తపాలా బిళ్ళంత.

నామినేషన్ల ఆఖరి రోజున, పార్టీ ఇచ్చిన బీ-ఫారం జేబులో పెట్టుకుని ఇంటికొస్తే భూలక్ష్మి లేదు. ఎర్రగడ్డ రైతుబజారుకు పోయి వెతికాడు. అక్కడా లేదు. గడువు మూడు గంటలకే! మున్సిపల్ ఆఫీసుకు ఉరికాడు.

"సార్, జర ఆగుండ్రి! నా భార్య భూలక్ష్మి నామినేషన్ ఉన్నది!"

ఎన్నికల అధికారి అచ్యుతరావు కాగితాలు తిరగేశాడు. "ఆవిడ పొద్దున్నే వేసి వెళ్ళారండీ. వెంట హాస్టల్ అమ్మాయిలు యాభైమంది వచ్చారు, మెట్ల మీద నిలబడ్డానికి చోటు లేదు."

కనకయ్య ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "చూసిండ్రా సార్! నాకు కష్టమెందుకని తనే వచ్చింది. నా భార్య అంటే ఏమనుకున్నరు!" అంటూ అక్కడున్న వాళ్ళందరికీ చాయ్‌లు చెప్పాడు. అంతలో ఏదో గుర్తొచ్చి జేబు తడుముకున్నాడు.

"కాని సార్, మా పార్టీ బీ-ఫారం నా దగ్గరనే ఉన్నది గద?"

"ఆవిడ అవతలి పార్టీది ఇచ్చారండీ."