దుప్పట్లో స్టూలు

అది కాదు అమ్మలూ, మోకాళ్ల నొప్పులని మీ అక్కకి నేను చెప్పింది అబద్ధం. నవ్వకుండా రాయి. మెల్లగానే చెబుతాను, నీ చెయ్యేం నొప్పి పుట్టదులే.

నేను లిఫ్టు నడిపిన రోజుల్లో మా మేడకి రెండు లిఫ్టులుండేవి. ముందుదానికి అద్దం, ఫ్యాను, నేను కూర్చోవడానికి ఒక చెక్క స్టూలు. వెనకదాంట్లో చెత్తబుట్టలూ, పనివాళ్లూ. ముందుదాని మీద ‘పనివాళ్లు ఇటు రాకూడదు’ అని బోర్డు కూడా ఉండేది.

ఒకరోజు వెనక లిఫ్టు పాడైంది. బట్టలుతికే అమ్మాయి తడిబట్టల బకెట్టుతో ముందు లిఫ్టు ఎక్కేసింది. పైన డాబా మీద ఆరేయాలట.

“దిగు,” అన్నాను.

“నువ్వెక్కు మెట్లు. బకెట్టు కూడా ఇస్తా, పట్టుకుపో,” అని నా స్టూలు మీద కూర్చుంది.

ఇళ్లవాళ్లంతా మూగారు. నోటికొచ్చినట్టు తిట్టారు. పనిలోంచి తీసేస్తామన్నారు, తీసేశారు కూడా. ఆమె మాత్రం దిగలేదు. మర్నాడు వంటవాళ్లూ, ఊడ్చేవాళ్లూ వంతులేసుకుని వచ్చి ఆ లిఫ్టులోనే కూర్చున్నారు. బోర్డు ఊడపీకేదాకా లేవలేదు.

తర్వాత ఆమే మీ నానమ్మ అయింది. బతికున్నన్నాళ్లూ నేను మంచం మీద కూర్చున్నా సరే, “దిగు” అని ఏడిపించేది. మేడవాళ్లు పారేసిన ఆ స్టూలుని ఇంటికి తెచ్చుకుని, ఎవర్నీ తాకనిచ్చేది కాదు.

మొన్న మీ అక్క పెట్టిన సభ ఆ లిఫ్టు గొడవ గురించే కదా. “నానమ్మ స్టూలు వేదిక మీద పెడతా తాతయ్యా, పక్కన నువ్వు కూర్చోవాలి,” అంది. పిచ్చిది, ఎంత ఆశపడిందో.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నా. గీతలు పడకుండా స్టూలుకి పాత దుప్పటి చుట్టి, గుండెలకి హత్తుకుని ఆటోలో వెళ్లా. అక్కడా రెండు లిఫ్టులే. ముందుదే ఎక్కా. మూట నా ముక్కు దాటి పైకుంది. వెనకాలే ఎవరో అమ్మాయి ఎక్కింది. దుప్పటి పక్కనుంచి ఫోను మీదికి వంగిన తల ఒక్కటే కనపడింది.

“అయ్యో, సామాన్లకి పక్క లిఫ్టుందండీ. ప్లీజ్, మీకూ అదే సౌకర్యం,” అంది, తల ఎత్తకుండానే.

తిట్టలేదమ్మా. తిడితే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. అంత మెత్తగా ‘అండీ’ అంటే ఏమనాలి? నోరు తెరిచి ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు. దిగిపోయాను.

పక్క లిఫ్టు దగ్గరా ఒక బోర్డుంది. కూడబలుక్కుని చదివా. ‘సహాయక సిబ్బంది సౌకర్యార్థం’ అట. ఎంత మర్యాదో చూడు.

అది ఎక్కబుద్ధి కాలేదు. ఇంటికొచ్చేశా. అంతమంది అరిచినా మీ నానమ్మ దిగని స్టూలు, నా చేతుల్లో నోరెత్తకుండా దిగిపోయింది. దాన్ని ఆమె ఫొటో కింద పెట్టి, అటు చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నా.

సాయంత్రం మీ అక్క ఫోన్ చేస్తే మోకాళ్ల నొప్పులన్నాను. ఏడ్చింది. “నా సభకంటే నీ మోకాళ్లే ఎక్కువయ్యాయా తాతయ్యా? స్టూలు పెట్టాల్సిన చోటు ఖాళీగా చూపించి మాట్లాడాను,” అంది. అప్పట్నుంచి నాతో మాట లేదు. నిజం చెబుదామని ఫోను పట్టుకుని, మళ్లీ పెట్టేశా. అందుకే నీచేత రాయిస్తున్నా.

ఆదివారం వెళ్లినప్పుడు ఇది మీ అక్కకి చదివి వినిపించు తల్లీ, లిఫ్టులో ‘అండీ’ అన్న ఆ గొంతు తనదేనన్న ముక్క మాత్రం కాస్త మెల్లగా చదువు.