మూడో ఉత్తరం

"మూడో ఉత్తరానికీ జవాబు లేదక్కా," అన్నాడు కంప్యూటర్ తెర మీద ఆడిటర్. అది అతని ఉద్యోగం కాదు, ప్రతిదానికీ రుజువు అడుగుతాడని పెట్టిన పేరు. "ఇక 'గొంతు' ప్రాజెక్టును కూడా అటకెక్కించేద్దాం."

అక్కయ్య కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకుంది. వారమంతా ఆఫీసు చాకిరీ, ఆదివారం మధ్యాహ్నం ఈ జీతం లేని చాకిరీ.

ప్రోగ్రాములు రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోండని వదిలేసేవాళ్ల సంఘం అది. కొత్త ప్రాజెక్టుకు పురుడు పోసేదీ, ఎదిగిందని ఒప్పుకునేదీ, దిక్కులేనిదైతే మూటగట్టి అటకెక్కించేదీ అక్కయ్యా ఆడిటరూ ఉన్న ఈ కమిటీయే. మూడు నెలలకోసారి ప్రతి ప్రాజెక్టుకూ ఉత్తరం వెళ్తుంది: బాగున్నారా, పని సాగుతోందా? వరసగా మూడింటికి పలక్కపోతే అటకే. అటకెక్కిన వెంటనే దాన్ని నడిపే సర్వర్ ఆపేస్తారు, ఇక అది ఎవరికీ పనిచేయదు.

"గొంతు రాసిన మాస్టారు మొన్న వారం కూడా దాన్లో ఏదో తప్పు దిద్దారుగా," అంది.

"దిద్దారు. మనకు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మనమంటే ఆయనకు పూచికపుల్లతో సమానం. కావాలంటే చూడండి, మూడు ఉత్తరాలూ పంపినట్టు టిక్కులున్నాయి."

"ఈ నెలలో ఇది పదకొండోదిరా."

"ఏం చేస్తాం! అడక్కుండానే రాసే ఆ నలుగురు తప్ప ఎవరూ పలకట్లేదు. జనానికి ఓపికలు పోయాయి. ఒక రకంగా నయమేలెండి, మనతో పోట్లాడేవాళ్లూ తగ్గారు."

పక్కగదిలో గొంతు వార్తలు చదువుతోంది. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాము అది. చూపు పోయిన ఎనిమిదేళ్లుగా అమ్మకు అదే పేపరు, అదే కాలక్షేపం.

అమ్మ దాన్ని ఆపి కేకేసింది. "మాస్టారేం పాపం చేశాడే?"

"మాట్లాడట్లేదమ్మా. కిందటేడు అందరి ముందూ మీది నత్తనడక ప్రోగ్రామని నోరు జారాను. అలిగారు."

"అలిగితే బతిమాలుకోవాలి గానీ అటకెక్కిస్తారా? ఒక్క ఫోను కొట్టరాదూ!"

"మా సంఘంలో నోటిమాట చెల్లదమ్మా. ఏదైనా అందరికీ కనబడేలా ఉత్తరంలోనే నడవాలి."

"బాగుంది సంబడం! మా రోజుల్లో కాకితో కబురంపినా రెక్కలు కట్టుకుని వాలేవాళ్లు."

అక్కయ్య మళ్లీ తెర వైపు తిరిగింది. మూడో ఉత్తరం చివర తన చేత్తో రెండు వాక్యాలు కలిపిన సంగతి అమ్మకు చెప్పలేదు. 'తప్పు నాదే మాస్టారూ, క్షమించండి. ఒక్క మాట రాయండి చాలు.' దానికీ జవాబు లేదు. క్షమాపణ అడిగిన మనిషిని గడప బయట నిలబెట్టడం ఆమెకు బాగా గుచ్చుకుంది. మొదటి రెండు ఉత్తరాలకు జవాబు రానప్పుడు జాలిపడింది గానీ, ఇప్పుడు మనసు బండబారిపోయింది.

"అక్కా, మీ ఓటొక్కటే మిగిలింది," అన్నాడు ఆడిటర్.

"అటకే," అంది.

అతను మీట నొక్కాడు. పక్కగదిలో అప్పుడే మళ్లీ మొదలైన వార్త సగం మాటలో ఆగిపోయింది.

"ఏమే, ఇది పలకట్లేదు!" అంది అమ్మ.

"వస్తున్నానమ్మా," అంది గానీ లేవలేదు. ఇంకా జాబితా రాయాలి. అటకెక్కినవాటి పట్టికలో అడుగున గొంతు పేరు చేర్చి, 'చేసే పని' అన్న గడిలో 'చదివి వినిపిస్తుంది' అని నింపింది.

పట్టికలో మొట్టమొదటి పేరు కాకి. ఏడాది మొదట్లోనే దాన్ని తీసేశారు. చూసుకునే కుర్రాడు "నా వల్ల కావట్లేదు, ఎవరైనా తీసుకోండి" అని నెల రోజులు మొత్తుకున్నా ఒక్కరూ ముందుకు రాలేదు. అసలదేం చేస్తుందని కూడా ఎవరూ అడగలేదు. దాని గడి అప్పట్నుంచీ ఖాళీగానే ఉంది. ఖాళీ కనిపిస్తే ఆడిటర్ ప్రాణం తీస్తాడు. ఆవులిస్తూ కాకి పాత మూట విప్పింది.

లోపల ఒక్క వాక్యమే ఉంది: 'కమిటీ ఉత్తరాలను ప్రాజెక్టులకు చేరవేస్తుంది.'