గట్టు మీద తడికాళ్లు

"ముట్టుకోబాకు!" పెంచలకృష్ణ అరిచినాడు. కూతురు ఉష చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

కావలి బజారులో షాపతను ఇండక్షన్ స్టవ్ మీద నీళ్లు కాగబెట్టి చూపిస్తున్నాడు. ఆదివారం తమ రొయ్యల గుంట గట్టున, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల షెడ్డు పక్కన గుడారం వేసుకుని, అక్కడే వండుకు తినాలని ఉష ముచ్చట.

"మంటే లేదు గదా, ఏంది అంత భయం?" అనింది భార్య రేవతి. "ఏరేటర్ల షెడ్డులో ప్లగ్గుంది. ఇదే తీసుకుందాం."

"వద్దు. చిన్న గ్యాస్ స్టవ్ చాలు."

"ఎందుకని?"

అతను గొంతు తగ్గించినాడు. "ఆ షెడ్డుకి ఎర్త్ లేదు. కిందంతా తడి. బిడ్డకి షాక్ కొడితే?"

రేవతికి అప్పుడు గుర్తొచ్చింది. రొయ్యలకి జబ్బులు అంటుకుంటాయని ఈయన చెప్పులు గట్టు కిందే విడిచి పోతాడు.

"మరి రోజూ పొద్దున్నే తడికాళ్లతో ఆ ఏరేటర్ల స్విచ్చి వేసేదెవరు?"

పెంచలకృష్ణ తన పాదాల వంక చూసుకున్నాడు.

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. "స్టవ్ వద్దులే అన్నా," అనింది షాపతనితో. "ఎర్తింగ్ చేసే మనిషి ఇప్పుడే దొరుకుతాడా?"