గట్టయ్య కొన్న రాణి

మానేరు పొంగి గట్టయ్య రెండు బర్రెల్లో ఒకదాన్ని తీసుకుపోయిన సంవత్సరం. నిజాం సిక్కాలు ఇంకా చెల్లుతున్న రోజులు. వరద తీసిన నెలకు ఊళ్లోకి భాగోతం వచ్చింది.

పగటి ఆట. మునికి ఇచ్చిన మాట కోసం రాజ్యం పోగొట్టుకున్న రాజు, మిగిలిన ఒక్క భార్యనూ సంతలో నిలబెట్టి, అమ్మకానికి గుర్తుగా నెత్తిన గడ్డిపోచ పెట్టేసరికి గట్టయ్య లేచి నిలబడ్డాడు.

అప్పటిదాకా కూర్చున్న చోటి నుంచే రాజును తిడుతున్నాడు. ముని ఏమడుగుతాడో తెలుసుకోకుండానే ఇస్తానన్నందుకు తిట్టాడు. రాజ్యం ధారపోసినప్పుడు మీసం దువ్వుకుంటూ, ఇంత సోయి లేనివాడు రాజెట్లా అయ్యాడని పక్కవాళ్లను అడిగాడు. ఆ మీసమంటే గట్టయ్యకు ప్రాణం. ఊళ్లో అంత మీసం ఇంకొకరికి లేదు.

"ఆలిని అమ్ముకునుడేంది రాజా? జర ఆగు. నేనే కొంట."

జనం నవ్వారు. రాజు వేషంలో ఉన్న ముత్తయ్య నవ్వలేదు. ఆ మేళానికి అతనే పెద్ద.

"ఏమిస్తవు పటేలా?"

"నా బర్రెనిస్త. ఆమెను ఇడిసిపెట్టు."

ఆట పందిట్లో నలుగురి ముందు చదివించింది వెనక్కి తీసుకోకూడదని ఊరి కట్టు. సాయంత్రానికి బర్రెను మేళం విడిది దగ్గర కట్టేశారు. రాణి వేషం వేసే అంతయ్య చీర, నగలు ముత్తయ్యకు అప్పగించి, గట్టయ్య వెనకాలే నడిచివచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

రాజక్క మొగుణ్ణి చూసింది, అంతయ్యను చూసింది, ఖాళీ కొట్టాన్ని చూసింది. లోపల కూతురు బాలింత. దానికి పాలు పడలేదు. పసిపిల్లకు ఆ బర్రె పాలే ఆధారం.

"పొల్లకు రేపేం తాపుదాం? నీ రాణిని పిండుదామా?" అంది.

గట్టయ్య అంతయ్యను వెళ్లిపొమ్మన్నాడు. కొన్నవాడే వదిలేస్తున్నప్పుడు ఇంకేమి అడ్డమని నచ్చజెప్పాడు. అంతయ్య కదల్లేదు.

"ఊరూరా సంతల నిలబడ్డ అన్నా. కొనేటోడు గూడ మా మేళపోడే. నిజంగ కొన్నోడివి నువ్వొక్కడివే. ఇగ నేను యాడికి పోవాలె?"

తర్వాత చేట అందుకొని రాజక్కకు వడ్లు చెరిగి పెట్టాడు. చెరుగుతూనే, ఇక మీసం పెంచుకుంటానని, చిన్నప్పటి నుంచి తనకు ఆ కోరికేనని, రాణికి మీసం కుదరక ఇన్నాళ్లూ గొరిగించుకున్నానని చెప్పాడు. రాజక్క అతనికి అన్నం పెట్టింది. అడగకుండానే మారు వడ్డించింది.

గట్టయ్య విడిదికి పోయాడు. బర్రె అతన్ని చూసి అరిచింది. ముత్తయ్య పాపం తనూ నొచ్చుకున్నాడు. మేళానికి బర్రె ఎందుకు, దానికి గడ్డి ఎవరు మోస్తారు అన్నాడు. కాని రేపు సుల్తానాబాద్‌లో ఆట ఒప్పుకున్నారు. రాణి లేనిదే ఆట లేదు. రాణిని అప్పగిస్తే బర్రెను తోలుకుపొమ్మన్నాడు. అంతయ్య రానంటున్నాడని గట్టయ్య చెప్పాడు.

"అంతయ్యే కావాలని నేనన్ననా? ఎవలైనా ఫికర్ లేదు. పద్యాలు నేను పాడుత. రాణి నిలబడి ఏడిస్తె సాలు."

"ఎవలొస్తరు ముత్తన్నా?"

ముత్తయ్య లేచాడు. బర్రె ముందు ఇంకాస్త గడ్డి వేసి, పొద్దెక్కేలోపు బండి కడతామన్నాడు.

గట్టయ్య ఇంటికి వచ్చేసరికి పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అంతయ్య ఊయల ఊపుతూ, రాణి సంతలో పాడే పద్యాన్ని జోలపాటలా పాడుతున్నాడు. రాజక్క గోడవైపు తిరిగి కూర్చుంది. గట్టయ్య చాలాసేపు గడపలో నిలబడి, మాట ఇచ్చిన రాజును ఇంకోసారి తిట్టాడు.

తెల్లవారి గట్టయ్య మీసం తీయించుకున్నాడు.